ముందు సంతకం నేర్పిన సార్

మొన్న మంగళవారం పొద్దున సార్ కొడుకు మా ఇంటికి వచ్చాడు. కారు మా గల్లీలో తిరగడానికి చోటు లేక మూల మీదే ఆపుకుని, బూట్లకు బురద అంటకుండా గెంతుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో ఫైలు. నేనప్పుడే పెనం మీద జొన్నరొట్టె వేశాను. లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. గోడకున్న మా అమ్మ ఫొటో చూసి, ఎవరో తెలియకపోయినా మర్యాదకు దండం పెట్టాడు. ఆ దండం చూస్తూ నిలబడిపోయాను. రొట్టె మాడింది.

"డాడీకి వచ్చే నెల ఎనభై నిండుతయి మేడం. మన ఫంక్షన్ హాల్‌ల సన్మానం పెట్టుకున్నం. ఒక సంచిక కూడ తీస్తున్నం. పేదోళ్లకు సదువు చెప్పిచ్చి, ఇండ్లు ఇప్పిచ్చిన మనిషి కదా! ఆ దినాలల్ల డాడీ బడిల పనిచేసినోళ్లల్ల మీరొక్కరే ఉన్నరు. పైగా పుస్తకాలు రాసేటోళ్లు. నాలుగు పేజీలు రాసియ్యాలె."

"ఏం రాయమంటవ్ బాబూ?"

"మీకేది యాదికొస్తె అది. మీ ఇష్టం. గని ఒక్కటి మేడం, ప్రెస్సుకు పంపే ముంగట ప్రతి పేజీ కింద డాడీ సంతకం ఉండాలె. కమిటీ రూల్ పెట్టింది. అంటే, రాసిందంత నిజమని ఆయన ఒప్పుకున్నట్టు."

సంతకం అన్న మాట ఆ ఇంటి మనిషి నోట వినేసరికి నాకు నవ్వు వచ్చింది. అతను కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. "రాస్త, తప్పకుంట రాస్త" అన్నాను. నలభై ఏళ్లకు పైగా కడుపులో పెట్టుకున్నదాన్ని కాగితం మీద పెట్టమని, మిఠాయి డబ్బా తెచ్చి మరీ అడిగేవాళ్లు ఎంతమందికి దొరుకుతారు? నాకు సార్ మీద పగ ఉంది. దానికి ఇంకో పేరు పెట్టి మర్యాదగా కనిపించాలని నాకేమీ లేదు.

ఆయనను ఇక్కడ సార్ అనే అంటాను. బస్తీ అంతా అట్లాగే పిలిచేది.

మేముండేది రైలు కట్ట కింది బస్తీ. అటు రైలు, ఇటు బొంబాయి రోడ్డు. రైలు పోతే గిన్నెలు కదిలేవి, లారీలు పోతే దీపం కదిలేది. నడుమ నలభై పైచిలుకు గుడిసెలు. ముస్లింల ఇళ్లు, మా ఇళ్లు, చర్చికి పోయేవాళ్ల ఇళ్లు అన్నీ వీపుకు వీపు ఆనించుకుని ఉండేవి. ఒక ఇంట్లో మిరపకాయ తాలింపు వేస్తే మూడిళ్లలో తుమ్మేవాళ్లు. ఆడవాళ్లలో చాలామందికి ఒకటే పని, మండీలో అల్లం కడగడం. కోహీర్ వైపు చేన్ల నుంచి మట్టితో సహా బండ్ల మీద వచ్చేది. దాన్ని తొట్లలో పోసి కాళ్లతో తొక్కి, చేతులతో రుద్ది, కొమ్ముల సందుల్లో మట్టిని గోటితో తీసి గోనెసంచుల మీద ఆరబోయాలి. చీకటితో మొదలైన పని మధ్యాహ్నానికి అయిపోయేది. అమ్మ ఇంటికి వచ్చేసరికి ఆమె చేతులు ఉబ్బి పాలిపోయి ఉండేవి. పగుళ్లలో అల్లం రసం దిగి మండుతుంటే, రాగానే ఎవరితోనూ మాట్లాడేది కాదు. గడప మీద కూర్చుని రెండు చేతులూ పుల్లమజ్జిగ గిన్నెలో ముంచి కళ్లు మూసుకునేది. పక్కింటి ఖైరూ ఖాలా కూడా వచ్చి అదే గిన్నెలో చేతులు పెట్టేది. ఒక గిన్నెలో నాలుగు చేతులు. మంట కాస్త తగ్గిందని మాకు ఎట్లా తెలిసేదంటే, ఇద్దరూ కలిసి మండీ గుమాస్తాను తిట్టడం మొదలుపెట్టేవాళ్లు. ఆ గుమాస్తా మీసం నుంచి మొదలై అతని తాతల దాకా పోయేది ఆ తిట్ల వరస. అల్లం వాసన మా బట్టల్లో, మా జుట్టులో, రొట్టెల్లో, చివరికి మా నిద్రలో కూడా ఉండేది. ఇప్పటికీ నేను అల్లం వేసిన చాయ్ ముట్టను. ఎవరింటికి పోయినా ముందే చెప్పి ఉత్త చాయ్ పెట్టించుకుంటాను.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నేను పదో తరగతిలో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్న రోజులవి. అమ్మ నన్ను మండీకి రానిచ్చేది కాదు. "నా చేతులు చూసినంక గూడ వస్తనంటవా?" అని రెండు చేతులూ నా మొహం ముందు పెట్టేది. సరిగ్గా అప్పుడే సార్ మా బస్తీకి రావడం మొదలుపెట్టాడు. సైకిల్, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇండ్ల స్థలాల సంఘం పెట్టానని, బస్తీకి పట్టాలు ఇప్పించే జిమ్మా తనదని చెప్పాడు. మా చాపల మీద కూర్చున్నాడు. మా చెంబుతో మా నీళ్లు తాగాడు. మా ఇళ్లలో అట్లా గటగటా నీళ్లు తాగిన పెద్దమనిషిని మేము అంతకుముందు చూడలేదు. ఆ చెంబెడు నీళ్లతోనే మమ్మల్ని గెలుచుకున్నాడు.

"ఆఫీసరు ముంగట ఏలిముద్ర ఏస్తె మిమ్ముల పశువుల లెక్క చూస్తరు. సంతకం పెడితె కుర్చీ ఏస్తరు. అందుకే బడి పెడుతున్న. ముందుగాల సంతకం. సదువుడు తర్వాత చూసుకుందం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సుగుణా, నువ్వే టీచర్‌వి" అన్నాడు. లెక్కలు తప్పిన పిల్లను టీచర్ అంటే ఏమవుతుంది? నా కాళ్లు నేల మీద నిలవలేదు.

రోజూ మధ్యాహ్నం మండీ రేకుల షెడ్డు కింద బడి. మంట తగ్గని వేళ్లతోనే బలపం పట్టేవాళ్లు. పలకలన్నీ అల్లం వాసన వేసేవి. అక్షరాలు ఒక వరసలో చెప్పలేదు నేను. సార్ చెప్పనివ్వలేదు. ఎవరి పేరు వాళ్లకు, ముగ్గు నేర్పినట్టు నేర్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో. ఖైరున్నీసా అని పలక మీద రాసి చూపిస్తే ఖాలా నెత్తి కొట్టుకుంది. "హాయ్ అల్లా, నా పేరు గింత లంబా ఉన్నదా? మా అమ్మకు వేరే పని లేకుండెనా బేటా?" అని బలపం పారేసింది. మళ్లీ తనే వెతికి తెచ్చుకుంది. మా అమ్మ పేరు మాణెమ్మ. మధ్యలో ఉన్న అక్షరం ఆమెకు పది రోజులు లొంగలేదు. గడ్డి కోసే కొడవలి అనుకుని తిప్పమన్నాను. కుదిరింది. కుదిరిన రోజు పొయ్యి రాజేయడం మానేసి, సున్నంలో వేలు ముంచి మా గుడిసె గోడ మీద తన పేరు పెద్దగా రాసుకుంది. ఆ సాయంత్రం వాడలో వాళ్లంతా వచ్చి చూసిపోయారు. అమ్మ గడపలో నిలబడి, పెళ్లిలో కట్నాలు చదివించుకునే మనిషిలాగా అందరి మెచ్చుకోళ్లూ అందుకుంది.

ఒక రోజు అమ్మే అడిగింది. "సార్, సంతకం అయితె ఒచ్చింది. గని బస్సు మీద బోర్డు సదువొస్తలేదు. గది గూడ నేర్పియ్యరాదుండ్రి." సార్ నవ్వాడు. "ఎందుకు తొందర మాణెమ్మా? ముందు పట్టా రానీ. పట్టా చేతికొచ్చినంక బోర్డేంది, పేపరే సదువుదువు." అందరూ నవ్వారు. టీచర్‌ని కదా, అందరికన్నా పెద్దగా నేను నవ్వాను.

పట్టాల దరఖాస్తు అని చెప్పిన కాగితం మీద సంతకాలు పెట్టే రోజు షామియానా వేశారు. బూందీ పంచారు. ఒక ఆఫీసరు కూడా వచ్చి కూర్చున్నాడు. బస్తీ ఆడవాళ్లు తలంటుకుని, పెట్టెల్లో దాచుకున్న చీరలు కట్టుకుని, పెళ్లికి పోయినట్టు వచ్చారు. మైకులో ఒక్కొక్కరి పేరు పిలుస్తుంటే ముందుకు పోయి, కుర్చీలో కూర్చుని (నిజంగానే కుర్చీ వేశారు), కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఊపిరి బిగబట్టి సంతకం పెట్టారు. ప్రతి సంతకానికీ చప్పట్లు. సార్ మోచెయ్యి కాగితం పైభాగం మీద ఉంది. "సుగుణా, నువ్వు పక్కన నిలబడు, ఎవరి పేరుల తప్పు పోకుంట చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను. ఎవరిదైనా ఒత్తు జారితే, దీర్ఘం మరిచిపోతే అక్కడికక్కడే దిద్దించాను. ఆ రోజు నలభై పైచిలుకు పేర్లలో ఒక్క తప్పు పోనివ్వలేదు. పైన ఉన్న నాలుగు వరసలు మాత్రం చదవలేదు. చదువు వచ్చినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. ఆ మోచెయ్యి కాస్త జరపండి సార్ అంటే సరిపోయేది. అనలేదు.

పదిహేను రోజులకు గడ్డపారలతో మనుషులు, వెనుక రెండు లారీలు వచ్చాయి. మేము ఆ జాగాను మా ఇష్టంతో ఖాళీ చేస్తున్నామని, దాని మీద మాకు ఏ హక్కూ లేదని, సర్కారు ఎక్కడ జాగా చూపిస్తే అక్కడికి పోతామని రాసి ఇచ్చామట. లారీ మీద నిలబడిన మనిషి ఆ కాగితం పైకెత్తి చూపించాడు. దాని కింద మా వాళ్ల పేర్లు ముత్యాల్లాగా ఉన్నాయి. ముందు మా గోడకే గడ్డపార తగిలింది. సున్నంతో రాసిన పేరు నడిమికి పగిలి, 'మా' ఒక పెళ్ల మీద, మిగతాది ఇంకో పెళ్ల మీద పడింది. అమ్మ ఏడవలేదు. మజ్జిగ గిన్నె చంకన పెట్టుకుని లారీ ఎక్కింది. చిరాగ్‌పల్లి పోయే దారిలో రోడ్డుకు లోపలగా ఒక రాళ్ల గుట్ట మీద మమ్మల్ని దించిపోయారు. నీళ్లు లేవు. మండీకి ఐదు కోసులు నడవాలి.

సార్ ఇంటికి పోతే ఊర్లో లేడన్నారు. ఆఫీసుకు పోయాం. షామియానాలో బూందీ తిన్న ఆఫీసరే ఉన్నాడు. మాకు తెలియదు సార్, మాకు చదువు రాదు సార్ అని అందరూ ఒక్కసారే అరిచారు. ఆయన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏలిముద్రలు ఏసి ఉంటె తెల్వక ఏసిన్రు అనుకుందును. ఇవి సంతకాలు. మంచిగ, గుండ్రంగ. సదువు రాదంటె ఎవరు నమ్ముతరమ్మా?"

బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు అమ్మ నా వైపు చూసింది. "నాకు నా పేరెందుకు నేర్పినవ్ బిడ్డా?" అంది. తిట్టినట్టు కాదు, నిజంగా అడిగినట్టే అడిగింది. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ ఒక్కసారికే ఇన్నేళ్లుగా నేను జవాబు వెతుక్కుంటున్నాను.

ఆ రోజు తర్వాత అమ్మ పెన్ను ముట్టలేదు. బ్యాంకులో, రేషన్ షాపులో, దవాఖానలో బొటనవేలే చాపింది. నేను పుస్తకాలు అచ్చు వేసుకుని, టౌన్‌హాల్లో శాలువాలు కప్పించుకునే రోజుల్లో కూడా మా అమ్మ నిశానీనే వేసింది. చివరి ఏళ్లలో రేషన్ షాపుకు మిషన్ వచ్చింది. చదువుకున్నవాళ్లు, చదువురానివాళ్లు అని తేడా లేకుండా అందరినీ వేలే అడిగింది ఆ మిషన్. అమ్మ వేలిని మాత్రం పోల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ల అల్లం ఆ వేలి గీతలన్నీ అరగదీసేసింది. డీలర్ పిల్లాడు మంచివాడు. "పోనీ అవ్వా, ఈ రిజిస్టర్‌ల ఒక సంతకం పెట్టు, బియ్యం ఇస్త" అన్నాడు. అమ్మ నా కళ్లలోకి చూస్తూ, "నాకు రాదు కొడుకా" అంది. ఆ నెల ఖాలా వాళ్ల బియ్యంలో సగం తెచ్చుకుని వండుకున్నాం.

రాళ్ల గుట్ట ఇప్పుడు కాలనీ అయ్యింది. ఎవరిచ్చారని? పరీక్ష రెండోసారి రాసి పాసయ్యాక నేను అక్కడే ఒక వేపచెట్టు నీడలో బడి మొదలుపెట్టాను. ఇప్పటికీ నడుస్తోంది, ప్రతి మంగళవారం మధ్యాహ్నం. ఆ బడికి ఒకటే పద్ధతి. చదవడం ముందు. సంతకం అన్నిటికన్నా చివర. కొత్తగా వచ్చే ఆడవాళ్లు గునుస్తారు, "టీచర్, పేరన్న రాపియ్యరాదు?" అని. రాయించను. నోటీసు తెచ్చుకో, కరెంటు బిల్లు తెచ్చుకో, కిరాయి కాగితం తెచ్చుకో, ముగ్గురు మూడుసార్లు పైకి చదవండి, ఆ తర్వాతే పేరు అంటాను. ఖైరూ ఖాలా పోయే నాటికి తెలుగు పేపరు మొత్తం చదివేది, అందులో ఉన్న ప్రతి మంత్రినీ మండీ గుమాస్తా లెక్కన తిట్టేది. ఆ ఆడవాళ్లే ఇండ్ల స్థలాల ఉత్తర్వు సంపాదించి, తహసీల్ ఆఫీసు వరండాలో కూర్చుని, ఉద్యోగులు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని గట్టిగా పైకి చదివారు. ఎన్నో ఏళ్లు చదివారు. బదిలీ మీద వచ్చిన ఒకాయన ఆ చదువు భరించలేక పట్టాలు ఇచ్చి ఊపిరి పీల్చుకున్నాడు. అందులో సార్ మాట సాయం కూడా లేదు. పట్టాలు పంచే రోజు మాత్రం వేదిక మీద మొదటి కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందే మా పాత బస్తీ జాగా చేతులు మారి, మారి, ఆయన చేతికే వచ్చింది. ముందు కింద దుకాణాలు లేచాయి, తర్వాత పైన హాలు లేచింది.

సన్మానం జరిగే ఫంక్షన్ హాలు అదే. వేదిక ఉన్నచోట ఖైరూ ఖాలా కోళ్ల గూడు ఉండేది. భోజనాలు వడ్డించే చోట మా పొయ్యి ఉండేది. ఇప్పుడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చిన పిల్లలు ఒక గదిలో ఆరుగురు పడుకుని కిరాయిలు కడుతున్నారు. ఊరి చుట్టూ చేన్లలో ప్లాట్ల రాళ్లు మొలిచాయి. వాళ్ల చేతుల్లో కూడా ఎవరో ఒక సార్ కాగితం పెడుతూనే ఉన్నాడు. ఆ పిల్లలకు చదువు వస్తుంది. అయినా చదవరు. ఫోన్లో వేలితో కిందికి తోసుకుంటూ పోయి, ఒప్పుకున్నామని నొక్కేస్తారు. వాళ్లను కూడా మంగళవారం రమ్మంటున్నాను.

సార్ కొడుకు అడిగిన నాలుగు పేజీలు ఇవే.

ఇక్కడి నుంచి విడిగా ఐదో కాగితం. నిన్న పొద్దున ఆ నాలుగింటినీ సంచిలో పెట్టుకుని సార్ ఇంటికి పోయి, తిరిగి వచ్చాక రాస్తున్నది.

కొడుకు వరండాలో ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. సార్ వాలుకుర్చీలో ఉన్నాడు. కళ్లకు నల్లద్దాలు. మొన్ననే శుక్లాలు తీశారట. మనిషి చిక్కిపోయాడు. కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. అల్లం చాయ్. ఆ వాసన తగలగానే మజ్జిగ గిన్నె, నాలుగు చేతులు కళ్ల ముందుకొచ్చాయి. వద్దనలేదు. చివరి గుక్క దాకా తాగాను.

"ఎవరు, సుగుణనా? మా టీచరమ్మ! మంచిగున్నవా? అమ్మ మంచిగున్నదా?"

"అమ్మ పోయి రెండేండ్లయింది సార్."

"అయ్యో! మంచి మనిషి. సంతకం ముత్యం లెక్క పెడుతుండె."

కప్పు బల్ల మీద పెట్టి కాగితాలు తీశాను. "మీ మీద రాసిన సార్. సదివి వినిపిస్త."

"ఎందుకమ్మా? నువ్వు రాసినవంటె మంచిదే ఉంటది."

"ఒక్కసారి వినుండ్రి. అన్ని మంచి మాటలే లెవ్వు."

"నా గురించి నాకు తెల్వదా?" అని నవ్వాడు. "పాత దినాలల్ల చిన్న చిన్న కొట్లాటలు అందరికి ఉంటయి. రాసుకో."

"సార్, సదవకుంట సంతకం పెట్టొద్దు" అన్నాను. మూడోసారి అది. మా బడి లెక్క ప్రకారం మూడుసార్లు.

"అరె, ఎక్కడ పెట్టాలె చెప్పు. కండ్లు అగుపడుతలెవ్వు, జర జాగ చూపియ్యి."

ఆయనకు పెన్ను అందించాను. ఆయన వేళ్ల మీద చర్మం ఉల్లిపొరలాగా పలచబడి ఉంది. అప్పుడు జాలి వేసిందని అబద్ధం లేకుండా చెబుతున్నాను. జాలి వేసింది, అయినా నా చెయ్యి ఆగలేదు. ఆ రోజు షామియానాలో మా అమ్మకు చూపించినట్టే, ప్రతి కాగితం కింద వేలు పెట్టి చూపించాను. మొదటి పేజీ. రెండో పేజీ. మూడో పేజీలో ఒక దీర్ఘం జారిపోయింది. దిద్దించాను. నాలుగో పేజీ మీద సంతకం పెట్టి, పనైపోయిన మనిషిలాగా వెనక్కి వాలాడు. "బయట బాబుకు ఇచ్చి పో. మాణెమ్మ బిడ్డవు, నిన్ను నమ్మకుంటె ఎవర్ని నమ్ముత?"

నాలుగు కాగితాలనూ వీధి చివర జిరాక్స్ తీయించుకుని, తిరిగి వచ్చి అసలువి కొడుకు చేతికి ఇచ్చాను. ఈ ఐదోది కూడా రేపు పంపుతాను. అచ్చుకు పోయే ముందు అతను చదువుతాడేమో తెలియదు. చదివితే మంచిదే, ఆ ఇంట్లో ఒక్కరన్నా కాగితం చదివినట్టు అవుతుంది. అచ్చు వేయకపోతే నా దగ్గర జిరాక్స్ ఉంది. వచ్చే మంగళవారం వేపచెట్టు కింద ముగ్గురు ఆడవాళ్లు దీన్ని మూడుసార్లు పైకి చదువుతారు. ఆయన పేరు ఏమిటని కొత్తవాళ్లు అడుగుతారు. నేను ఎక్కడా రాయలేదు, రాయాల్సిన పని పడలేదు. ఆ నాలుగు పేజీల కిందా, ఒక్క తప్పు లేకుండా, ఆయనే రాసుకున్నాడు.